జీఐ నంబర్ ఒక్కటే వేస్తే ఎట్లా, పక్కన గ్రాములు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం అండి,

మీ ఆరోగ్యం పేజీలో ఈమధ్య షుగర్ ఉన్నవాళ్ళ కోసం వేసిన పట్టిక గురించి రాస్తున్నాను. తినేవాటి పేర్లు ఒక వరసలో, వాటి గ్లైసీమిక్ ఇండెక్స్ (జీఐ, అంటే తిన్నాక రక్తంలో షుగర్ ఎంత జోరుగా ఎక్కుతుందో చెప్పే అంకె) నంబర్లు పక్క వరసలో, 55 లోపు ఉన్నవి పచ్చరంగులో, 70 దాటినవి ఎర్రరంగులో వేశారు చూడండి, అదే. చూడ్డానికి చాలా బాగుంది, మా మామయ్య గారు కత్తిరించి ఫ్రిజ్ తలుపు మీద అంటించేశారు కూడా. ఆయనకి టైప్ 2 షుగర్, టాబ్లెట్లు వేసుకుంటారు. మా అమ్మాయికి టైప్ 1, ఇంటర్ చదువుతోంది, చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీదే ఉంది. ఇద్దరికీ వంట చేసేది నేనే కాబట్టి ఆ పట్టికలో ఏం ఉందో దానికంటే ఏం లేదో నాకు ముందు కనిపించింది, అందులో ఎంత తినాలి అనేది ఒక్క చోట కూడా లేదు. పచ్చరంగులో ఉంటే ఎంతైనా లాగించొచ్చు, ఎర్రరంగులో ఉంటే ముట్టుకోకూడదు అనే అర్థం వస్తోంది, మా ఇంట్లో పెద్దాయనైతే అచ్చం అట్లాగే అర్థం చేసుకున్నారు, ఆయన్ని అనడానికి లేదు, ఎవరు చదివినా అట్లాగే అనుకుంటారు.

అసలు ఆ నంబర్ ఎక్కడి నుంచి వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. 1981లో కెనడాలోని టొరంటో యూనివర్సిటీలో డేవిడ్ జెంకిన్స్ అనే ఆయన, ఆయన టీమ్ కలిసి ఈ లెక్క తెచ్చారు (ఇన్సులిన్ కూడా 1921లో ఆ ఊళ్ళోనే కనిపెట్టారు, షుగర్ వాళ్ళందరం ఆ ఊరికి రుణపడి ఉన్నట్టే). పద్ధతి ఏంటంటే సాధారణంగా ఒక పదిమంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని పరగడుపున కూర్చోబెట్టి, 50 గ్రాముల కార్బ్స్ (అంటే పిండిపదార్థాలు, చక్కెరలు) వచ్చేంత తిండి పెట్టి, రెండు గంటల పాటు మాటిమాటికీ రక్తం తీసి షుగర్ ఎట్లా ఎక్కిందో ఎట్లా దిగిందో గీత గీస్తారు, వాళ్ళకే ఇంకో రోజు 50 గ్రాముల గ్లూకోజ్ తాగించి ఆ గీతని 100 అనుకుని, దాంతో పోల్చి మొదటిదానికి మార్కులేస్తారు. 55, ఆ లోపు వస్తే తక్కువ, 56 నుంచి 69 మధ్యరకం, 70 ఆపైన ఎక్కువ. అంతా బానే ఉంది. కానీ గమనించండి, ప్రతిదాన్నీ 50 గ్రాముల కార్బ్స్ వచ్చేంత పెట్టి చూశారు. మన కంచంలో మనం అంతే పెట్టుకుంటామా అనేదానితో ఆ నంబర్‌కి సంబంధమే లేదు. వాన ఎంత జోరుగా పడిందో చెప్తుంది అంతే, చెరువులోకి ఎన్ని నీళ్ళు చేరాయో చెప్పదు, సన్నగా రాత్రంతా కురిసినా చెరువు నిండుతుంది కదా.

ఇప్పుడు మా ఖమ్మంలోనే కాదు తెలంగాణ అంతటా నడుస్తున్న కథ చెప్తాను. ఆర్ఎన్ఆర్ బియ్యం, అదే తెలంగాణ సోనా, ఆర్ఎన్ఆర్ 15048. రాజేంద్రనగర్ అగ్రికల్చర్ యూనివర్సిటీ వాళ్ళు 2015లో విడుదల చేసిన రకం, జీఐ 51 చిల్లర అని చెప్తారు, అంటే తక్కువ గుంపులోనే ఉన్నట్టు. మంచి రకమే, సన్నగా ఉంటుంది, మేమూ అదే తింటున్నాం. బాధేంటంటే కొన్ని షాపుల్లో దీన్ని షుగర్ ఫ్రీ బియ్యం అని బోర్డు పెట్టి మరీ అమ్ముతున్నారు. షుగర్ ఫ్రీ బియ్యం అనేది ఈ భూమ్మీద ఎక్కడా లేదండి! ఏ రకమైనా సరే పాలిష్ పట్టిన పచ్చి బియ్యం 100 గ్రాముల్లో దాదాపు 78 గ్రాములు కార్బ్సే, వండాక నీళ్ళు పీల్చుకుని బరువు పెరుగుతుంది కాబట్టి 100 గ్రాముల అన్నంలో 28 గ్రాముల దాకా ఉంటాయి. బోర్డు చూసి నమ్మినాయన ఏం చేస్తాడు, ఇది మంచి బియ్యం కదా అని కంచం నిండా 400 గ్రాముల అన్నం పెట్టుకుంటాడు. అంటే 112 గ్రాముల కార్బ్స్. పక్కింట్లో ఇంకొకాయన మామూలు సోనా మసూరి తింటాడు, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు కొలిస్తే దాని జీఐ 72 వచ్చింది, మీ పట్టిక ప్రకారం ఎరుపు. కానీ ఆయన రెండు గరిటెలు, 150 గ్రాములే పెట్టుకుని మిగతా కంచం పప్పు, కూర, పెరుగుతో నింపుకుంటాడు. 42 గ్రాములు. ఇద్దరి లెక్కా గ్లైసీమిక్ లోడ్‌లో పెట్టి చూడండి, అంటే జీఐని కార్బ్స్ గ్రాములతో గుణించి వందతో భాగించడం, ఇది 1997లో హార్వర్డ్ వాళ్ళు వాడటం మొదలుపెట్టిన లెక్క. పచ్చరంగు బియ్యం ఆయనకి 57 వస్తుంది, ఎర్రరంగు బియ్యం ఆయనకి 30. ఒక్కసారికి తినేదాన్ని బట్టి 20 దాటితేనే ఎక్కువ అంటారు, అట్లా చూస్తే రెండూ ఎక్కువే, కానీ మొదటాయనది దాదాపు డబుల్. మీ పట్టిక మాత్రం మొదటాయన భుజం తడుతుంది, రెండో ఆయన్ని భయపెడుతుంది.

ఇంకో తమాషా ఏంటంటే ఆ నంబర్ కూడా రాయి మీద చెక్కింది కాదు. మన బాపట్ల బీపీటీ రకం బియ్యాన్నే చెన్నై వాళ్ళు మూడు రకాలుగా మర పట్టించి కొలిచారు, పాలిష్ లేని ముడిబియ్యం అయితే 57.6, కొంచెం పాలిష్ పట్టిస్తే 73, పూర్తిగా తెల్లగా పట్టిస్తే 79.6. గింజ అదే, పొలం అదే, మర తేడా అంతే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు ఆస్ట్రేలియా వాళ్ళతో కలిసి 235 రకాలు చూస్తే 48 నుంచి 92 దాకా వచ్చాయి, అందులో మన మార్టేరులో పుట్టిన స్వర్ణ తక్కువ వైపే ఉంది, పాపం దాన్ని లావు బియ్యం అని మన వైపు పెద్దగా ఇష్టపడరు. కాబట్టి అన్నం 73 అని ఒక్క నంబర్ వేసేస్తే అది ఏ అన్నం, ఏ మరలో పట్టింది, ఎంతసేపు వండింది అని అడగాల్సి వస్తుంది. మెత్తగా గుజ్జులాగా వండితే ఒక రకం, పలుకుగా దించితే ఒక రకం, చింతపండు పిండి పులిహోర చేస్తే ఇంకో రకం, ఎందుకంటే పులుపు ఉంటే కడుపులోంచి తిండి కిందికి దిగడం నెమ్మదవుతుంది. పైగా మనిషి మనిషికీ మారుతుంది, అంతెందుకు, అదే మనిషికి అదే బ్రెడ్ వేరే రోజు పెట్టినా అంకె మారుతుందని అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళు 2016లో చూపించారు.

చిరుధాన్యాల సంగతికి వస్తాను, ఇక్కడ నాకు కొంచెం కోపం కూడా ఉంది. కొర్రలు తినండి షుగర్ పోతుంది, రాగిజావ తాగండి షుగర్ రాదు, ఇట్లాంటివి మీ పేపర్లోనే కాదు ప్రతి చోటా చదువుతున్నాం. తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ ఉంది, వాళ్ళు 2017లో వేసిన ఆహార పట్టికలు తెరిచి చూడండి. పీచు తీసేశాక 100 గ్రాములకి కార్బ్స్ బియ్యంలో 78, జొన్నల్లో 68, రాగుల్లో 67, గోధుమపిండిలో 64, సజ్జల్లో 62. తేడా ఉంది, కాదనట్లేదు, పీచు అయితే బియ్యంలో 3 గ్రాముల లోపు ఉంటే వీటిల్లో 10, 11 దాకా ఉంటుంది, అది నిజంగా మంచిదే. కానీ 78కి 67కి మధ్య ఉన్న తేడా చూసుకుని మూడు రొట్టెలు తినేస్తే ఏం లాభం? మా మామయ్య గారికి నేను చేసే జొన్నరొట్టె ఒక్కోటి 60 గ్రాముల పిండి పడుతుంది, అంటే 40 గ్రాముల కార్బ్స్, మూడు తింటే 120. అది 400 గ్రాముల పైన అన్నంతో సమానం. ఒకరోజు మా అమ్మాయి ఇట్లాగే లెక్కేసి "తాతయ్యా, నేను ఇంత తింటే పది యూనిట్లు పొడుచుకోవాలి తెలుసా" అంది, ఆయన "జొన్నకి ఇన్సులిన్ ఎందుకే పిచ్చిదానా" అన్నారు. చదువుకున్నాయనే అండి, స్కూల్ హెడ్మాస్టర్‌గా రిటైర్ అయ్యారు, లెక్కలే చెప్పేవారు! ఇప్పుడు ఒక రొట్టె, దాంతో ఎక్కువ ఆకుకూర పప్పు తింటున్నారు, తిట్టుకుంటూనే.

రాగిజావ ఇంకో మాయ. రాగిసంకటి ముద్ద తినడానికి, మెత్తగా పట్టించిన పిండిని నీళ్ళల్లో ఉడికించి గటగటా తాగడానికి చాలా తేడా ఉంది. పిండి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా అరుగుతుంది, అంత త్వరగా షుగర్ ఎక్కుతుంది. దాంట్లో బెల్లం కూడా వేసుకుని ఇది న్యాచురల్ అంటారు. బెల్లంలో కూడా ఎనభై శాతం పైన చక్కెరేనండి, రంగు మారింది అంతే.

జీఐ పట్టిక ఒక్కటే నమ్ముకుంటే ఇంకా వింతలు ఉన్నాయి. పంచదార జీఐ 65 దగ్గర ఉంటుంది, సోనా మసూరి అన్నం 72. అయితే అన్నం మానేసి పంచదార తినాలా? పంచదారలో సగం ఫ్రక్టోజ్, అది నేరుగా రక్తంలో గ్లూకోజ్‌ని పెద్దగా పెంచదు కాబట్టి నంబర్ తక్కువ కనిపిస్తుంది, అంతమాత్రాన అది ఒంటికి మంచిదని కాదు. చాలా ఐస్‌క్రీములు కూడా అన్నం కంటే కిందే ఉంటాయి, కొవ్వు ఎక్కువ ఉంటే అరుగుదల నెమ్మదిస్తుంది కాబట్టి. ఇటు పుచ్చకాయ చూడండి, పాత పట్టికల్లో దాని జీఐ 72 అని ఉండటంతో ఎండాకాలం వస్తే చాలు షుగర్ వాళ్ళు పుచ్చకాయ వైపు చూడరు. అదే పట్టికలో పక్కన రాసి ఉంటుంది, 120 గ్రాముల ముక్కలో కార్బ్స్ 6 గ్రాములే అని, లోడ్ లెక్క నాలుగు చిల్లర. ఆ పక్కన రాసింది మాత్రం మన పేపర్ల దాకా రాదు. మే నెలలో ఒక ముక్క పుచ్చకాయ కూడా తినకుండా నోరు కట్టేసుకుని, సాయంత్రం టీలో నాలుగు మేరీ బిస్కెట్లు ముంచుకుని తినేవాళ్ళు మా వీధిలోనే ఎంతమందో. ఒక్కో మేరీ బిస్కెట్‌లో కార్బ్స్ దాదాపు 4 గ్రాములు, నాలుగు అంటే 16, టీలో రెండు స్పూన్ల చక్కెర ఇంకో 8 నుంచి 10. రోజుకి మూడుసార్లు అట్లా తాగితే అదే ఒక పూట భోజనం, దాన్ని ఎవరూ తిండి కింద లెక్కే వేయరు.

మరి గ్రాములు లెక్కపెట్టడం మామూలు ఇళ్ళల్లో అయ్యే పనేనా అని మీరు అడగొచ్చు. మా ఇంట్లో తప్పనిసరి కాబట్టి అలవాటైంది. టైప్ 1 పిల్లలకి తినేముందు ఎన్ని గ్రాముల కార్బ్స్ తింటున్నారో చూసుకుని దానికి సరిపడా ఇన్సులిన్ వేయాలి, ఎన్ని గ్రాములకి ఒక యూనిట్ అనేది డాక్టర్ చెప్తారు. మొదట్లో ఒక అంచనా కోసం 500ని రోజు మొత్తం మీద వేసే యూనిట్లతో భాగిస్తారు, 40 యూనిట్లు వేసేవాళ్ళకి 12.5 వస్తుంది, అంటే సుమారు 12 గ్రాములకి ఒక యూనిట్ అని మొదలుపెట్టి, తర్వాత మీటర్ రీడింగ్స్ చూస్తూ సరిచేస్తారు, పొద్దున ఒక లెక్క రాత్రి ఒక లెక్క కూడా ఉండొచ్చు. ఇది ఎవరూ ఈ ఉత్తరం చదివి సొంతంగా చేసుకునేది కాదు, ఎందుకు గ్రాములు కావాలో తెలియడానికి చెప్తున్నాను.

ఇడ్లీతో చెప్తాను, అందరికీ తెలుస్తుంది. నేను 300 గ్రాముల ఇడ్లీ రవ్వకి 100 గ్రాముల మినపప్పు వేస్తాను. రవ్వ అంటే బియ్యమే కాబట్టి 234 గ్రాముల కార్బ్స్, మినపప్పులో 51, మొత్తం 285. ఆ పిండికి నా ప్లేట్లలో 26 ఇడ్లీలు వస్తాయి. 285ని 26తో భాగిస్తే ఇడ్లీకి 11. అంతే, ఒక్కసారి లెక్కేసి గోడ క్యాలెండర్ మీద రాసుకున్నా, అదే ప్లేట్లు అదే కొలత కాబట్టి మళ్ళీ లెక్క అక్కర్లేదు. నాలుగు ఇడ్లీలు తింటే 44, పల్లీ చట్నీకి ఓ మూడు నాలుగు గ్రాములు కలుపుకుంటాం. హోటల్ ఇడ్లీ అయితే రెండు రకాలుగా ఉంటాయి, బుల్లి ఇడ్లీ, అరచెయ్యంత ఇడ్లీ, అక్కడ కంటితో అంచనా వేయడమే, ఇంట్లో కొన్నాళ్ళు తూచిన అలవాటు ఉంటే ఆ అంచనా పెద్దగా తప్పదు. అన్నానికి కూడా అంతే, వంటింటి తూకం మిషన్ ఐదారొందలకి దొరుకుతుంది, మీ ఇంట్లో గరిటెతో ఒకసారి అన్నం తీసి తూచండి, 70 గ్రాములో 80 గ్రాములో వస్తుంది, ఇక జీవితాంతం గరిటెలే లెక్క. రోజూ తూచాల్సిన పని లేదు. మా అమ్మాయి ఫ్రెండ్స్ దాని పక్కన కూర్చుని తింటూ తింటూ వాళ్ళకి కూడా సమోసాకి ఎంత, పానీపూరీకి ఎంత అని చెప్పడం వచ్చేసింది.

అట్లాగని జీఐ దండగ అని నేను అనట్లేదండి, దాని పని దానికి ఉంది. మాకైతే ఇన్సులిన్ ఎప్పుడు వేయాలనేది దాన్ని బట్టే తెలుస్తుంది. ఇడ్లీ తింటే షుగర్ గబగబా ఎక్కుతుంది, అందుకని తినడానికి పావుగంట ముందే వేస్తాం. అదే పెసరట్టు అయితే నెమ్మదిగా ఎక్కుతుంది, ముందే వేస్తే ఇన్సులిన్ పనిచేయడం మొదలయ్యేసరికి కడుపులోంచి ఇంకా ఏమీ రాక షుగర్ పడిపోయే ప్రమాదం, కాబట్టి తినేటప్పుడు వేస్తాం. బిర్యానీ రోజు ఇంకో గొడవ, నూనె నెయ్యి మాంసం వల్ల రెండు గంటలకి మీటర్ చూస్తే అబ్బో ఎంత బాగుందో అనిపిస్తుంది, నాలుగైదు గంటలకి అర్ధరాత్రి పూట ఎక్కి కూర్చుంటుంది. కాబట్టి గ్రాములు ఎంత వేయాలో చెప్తాయి, జీఐ ఎప్పుడు వేయాలో చెప్తుంది, రెండూ కావాలి. టైప్ 2 వాళ్ళకి కూడా ముందు ఎంత అనేది తేల్చుకుని, ఆ ఎంతలో ఏది నెమ్మదిగా అరుగుతుందో అది ఎంచుకోవడానికి జీఐ పనికొస్తుంది. వరస అది. మీ పట్టిక రెండో మెట్టు మాత్రమే చూపించింది.

మీ పట్టికలో ఎర్రరంగుతో వేసిన గ్లూకోజ్ గురించి తప్పకుండా చెప్పాలి. మీటర్‌లో షుగర్ 70 కంటే కిందికి పడిపోయినప్పుడు, చెమటలు పట్టి చేతులు వణుకుతున్నప్పుడు, ప్రాణం నిలబెట్టేది ఆ 100 మార్కుల గ్లూకోజే. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి, లేకపోతే మూడు నాలుగు స్పూన్ల చక్కెర నీళ్ళల్లో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ చూడాలి, ఇంకా తక్కువుంటే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మా చుట్టాల్లో ఒకావిడకి షుగర్ పడిపోతే ఇంట్లోవాళ్ళు తక్కువ జీఐ కదా అని పల్లీలు పెట్టి కూర్చున్నారు! పల్లీలు ఎప్పటికి అరగాలి, ఎప్పటికి షుగర్ ఎక్కాలి. ఎరుపు అంటే విషం అని జనంలోకి వెళ్ళిపోతే ఇట్లాంటివే జరుగుతాయి. ఆవిడ విషయంలో ఇంకో సంగతి, గ్లిమెపిరైడ్ లాంటి టాబ్లెట్ వాడుతూ ఎవరో చెప్పారని ఒక్కసారిగా అన్నం మొత్తం మానేసింది. ఆ రకం టాబ్లెట్లు మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి తోస్తాయి, కాబట్టి తిండి బాగా తగ్గించాలనుకుంటే ముందు డాక్టర్‌కి చెప్పి టాబ్లెట్ తగ్గించాలా అని అడగాలి. ఇది కూడా రెండు లైన్లు మీ పేజీలో ప్రతిసారీ వేయాల్సిందే.

ఇక చద్దన్నం. దీని మీద కూడా పెద్ద పెద్ద వ్యాసాలు వస్తున్నాయి. వండిన అన్నం ఫ్రిజ్‌లో ఒక రోజంతా చల్లారితే అందులో కొంత పిండి అరగని రకంగా మారుతుంది, మళ్ళీ వేడి చేసి తిన్నా షుగర్ కొంచెం తక్కువ ఎక్కుతుంది, ఇండోనేషియాలో చేసి చూశారు. కొంచెమే. బయట రాత్రంతా వదిలేసిన అన్నంతో వాంతులు విరేచనాలు తెచ్చుకునే అవకాశం కూడా ఉంది కాబట్టి నేను దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోను. దానికంటే తేలికైంది ఇంకోటి ఉంది, కంచంలో ముందు కూర, పప్పు, గుడ్డో చేపో తినేసి చివర్లో అన్నం తినడం. 2015లో న్యూయార్క్‌లో వైల్ కార్నెల్ డాక్టర్లు టైప్ 2 వాళ్ళకి అవే పదార్థాలు వరస మార్చి పెట్టి చూస్తే గంట తర్వాత షుగర్ 37 శాతం తక్కువ ఉంది. చాలా చిన్న పరిశోధనే, పదకొండు మందితో చేసింది, కానీ పైసా ఖర్చు లేదు కదా, ఇంట్లో మీటర్‌తో మనమే చూసుకోవచ్చు. మామయ్య గారికి మాత్రం పప్పన్నం కలపకుండా ఉత్త పప్పు తినడం అంటే ఎవరో శిక్ష వేసినట్టు ఉంటుంది, సగం పప్పు ముందు తిని సగం అన్నంలోకి అని మధ్యలో రాజీ పడ్డాం.

మన దేశంలో పదికోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళ పెద్ద సర్వే 2023లో చెప్పింది, ఇంకో 13 కోట్ల మందికి పైగా షుగర్ వచ్చే గీత దగ్గర నిలబడి ఉన్నారు. మనం తినే కేలరీల్లో దాదాపు 62 శాతం కార్బ్స్ నుంచే వస్తున్నాయని అదే సర్వే వాళ్ళు తర్వాత తేల్చారు, షుగర్ అదుపులోకి రావాలంటే అది 50 శాతం చుట్టుపక్కలకి దిగాలి, ఆ తగ్గించిన చోట పప్పు గుడ్డు చేప లాంటి ప్రొటీన్ పెరగాలి అని లెక్కగట్టారు. 62 నుంచి 50కి దిగడం అంటే బియ్యం బ్రాండ్ మార్చడంతో అయ్యేది కాదు, ఒకటో రెండో గరిటెలు తగ్గాలి. ఆ గరిటెలో ఎన్ని గ్రాములు ఉన్నాయో తెలియకపోతే ఎంత తగ్గించాలో ఎవరికి తెలుస్తుంది.

అందుకని నేను అడిగేది ఇది. మీ ఆదివారం పుస్తకంలో వంటల పేజీ వస్తుంది కదా, బొబ్బట్లు, పూర్ణాలు, గుత్తివంకాయ, కొర్రల పొంగలి, ఏవేవో. ప్రతి వంట కింద కావలసినవి, తయారీ అని వేసినట్టే ఇంకొక్క లైన్ వేయండి, ఈ కొలతలతో చేస్తే ఎన్ని వస్తాయి, ఒక్కోదాంట్లో ఎన్ని గ్రాముల కార్బ్స్ అని. నేను ఇడ్లీకి చేసిన లెక్కే, కొలతలు మీ దగ్గరే ఉంటాయి, పోషకాహార సంస్థ పట్టికలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, మీ డెస్క్‌లో ఒక డైటీషియన్‌తో అరగంట పని. కప్పు అని రాసినప్పుడు ఏ కప్పో, ఎన్ని గ్రాములో కూడా రాయాలి, ఒక్కో ఇంట్లో కప్పు ఒక్కో సైజు. ఆరోగ్యం పేజీలో జీఐ వేస్తే వేయండి, పక్కన ఎంత తింటే ఆ లెక్క అని ఇంకో వరస కలపండి, ఆ ఎరుపు పచ్చ రంగులు మాత్రం తీసేయండి.

ప్యాకెట్ తిండి మీద అయితే చట్టప్రకారం 100 గ్రాములకి కార్బ్స్ ఎంత, అందులో చక్కెర ఎంత అని వేయాలి, వేస్తున్నారు, మా అమ్మాయి చిప్స్ ప్యాకెట్ తిప్పి చూసి రెండు సెకన్లలో లెక్క చెప్తుంది. గారెకి, సున్నుండకి, అరిసెకి, మిర్చి బజ్జీకి వెనక అట్లా లేబుల్ ఉండదు. పండగకి ఎవరింటికైనా వెళ్ళినప్పుడు ఆ అరిసె ముక్క ఎంత అని దానికి నేను గుసగుసగా అంచనా చెప్పాల్సి వస్తోంది, ఇంటివాళ్ళేమో పాపం పిల్ల, షుగర్ కదా, దానికి పెట్టకండి అంటారు, లెక్క తెలిస్తే అదీ తినొచ్చు అంటే నమ్మరు. పేపర్లో పడితే నమ్ముతారు.

అన్నీ ఒకేసారి అక్కర్లేదు, ముందు ఇడ్లీ, దోశ, ఉప్మా, పూరీతో మొదలుపెట్టండి. సంక్రాంతి లోపు అరిసెలు, సున్నుండల లెక్క కూడా వేస్తే ఇంకా మంచిది. బిర్యానీకి మాత్రం తొందర లేదు, అది ఎవరి లెక్కకీ లొంగదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఖమ్మం